కిటికీ వెడల్పు పెంచితే ఫ్రేమ్ ఎందుకు కదలలేదు?

ప్రశ్న: సార్, మాది గాజువాక. డిప్లొమా సివిల్ చేసి ఆరేళ్లుగా ద్వారకానగర్‌లో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాఫ్టింగ్ చేస్తున్నాను. ఆటోక్యాడ్ బాగా వచ్చు. ఏడాదిగా ఆఫీసంతా రెవిట్‌కి (బిల్డింగ్‌ని త్రీడీ మోడల్‌గా చేసే సాఫ్ట్‌వేర్) మారింది. కిటికీ సైజు మారిన ప్రతిసారీ పాతది కాపీ చేసి, సరిదిద్ది, కొత్త ఫ్యామిలీగా (కిటికీ, తలుపు లాంటి ఒక్కో వస్తువు నమూనా ఫైలు) సేవ్ చేసుకుంటున్నాను. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుకే 23 కిటికీ ఫైళ్లయ్యాయి. పోయిన వారం ఒకే ఫ్యామిలీలో వెడల్పు మారేలా చేద్దామని కూర్చున్నాను. 1200 మిల్లీమీటర్ల నుంచి 1500కి మారిస్తే గోడలో ఖాళీ పెరిగింది, ఫ్రేమ్ మాత్రం అక్కడే ఉండిపోయింది. అద్దం ఒక పక్కకి జరిగింది. తర్వాత అన్నీ లాక్ చేసి చూస్తే ‘కన్‌స్ట్రెయింట్స్ ఆర్ నాట్ శాటిస్‌ఫైడ్’ అని వచ్చింది. మా సార్ ఇవన్నీ ఎందుకు, నెట్‌లోంచి దించుకో అంటున్నారు. నాకు లెక్కలంటే మొదటినుంచీ టెన్షన్. ఇది నేర్చుకోగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
(పేరు రాయవద్దన్నారు)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం రెండుసార్లు చదివాను. ‘గోడలో ఖాళీ పెరిగింది, ఫ్రేమ్ మాత్రం అక్కడే ఉండిపోయింది.’ జరిగిందంతా అందులోనే ఉంది. ఖాళీ ఎందుకు పెరిగింది? దాని అంచులు టెంప్లేట్‌లో ముందే వేసి ఉన్న రిఫరెన్స్ ప్లేన్‌లకి కట్టి ఉన్నాయి. మీరు వెడల్పు మార్చగానే ఆ ప్లేన్‌లు జరిగాయి, వాటితోపాటు ఖాళీ జరిగింది. మీ ఫ్రేమ్‌ని మాత్రం మీరు దేనికీ కట్టలేదు. చూడ్డానికి సరిగ్గా ఆ ప్లేన్ మీదే గీసి ఉంటారు. మీద గీయడం వేరు, కట్టడం, అంటే లాక్ చేయడం, వేరు.

సైటులో మేస్త్రీ గోడ లేపడం మీరు చూసే ఉంటారు. ముందు రెండు చివరలా ఇటుకలు పెట్టి మధ్యలో దారం లాగి కడతాడు. ఆ వరసలో ప్రతి ఇటుకనీ దారం చూసి పేరుస్తాడు. పక్క ఇటుకను చూసి పేరిస్తే మొదటి ఇటుక దగ్గర గోరంత తేడా గోడ చివరికి వచ్చేసరికి వేలెడంత అవుతుంది. రిఫరెన్స్ ప్లేన్ అంటే ఆ దారమే. ఇక్కడ నేను దాన్ని దారం అనే పిలుస్తాను, మీకు గుర్తుంటుంది. కొలతలన్నీ దారాలకి ఇవ్వాలి. ఫ్రేమ్, రెక్క, అద్దం, కమ్మీ ఏదైనా సరే దారానికి కట్టాలి, ఒకదానికొకటి కట్టకూడదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక ఆ ఎర్రర్ సంగతి. ఫ్రేమ్ కదలడం లేదని మీరు కంగారులో కనబడిన తాళం గుర్తునల్లా నొక్కేసి ఉంటారు. ఫ్రేమ్ అంచుని దారానికి కట్టారు, అదే అంచుకి అద్దం నుంచి ఒక కొలత ఇచ్చి దాన్నీ లాక్ చేశారు. అప్పుడు ఆ అంచుకి ఇద్దరు యజమానులు. ఒకరు 1500 దగ్గరికి రమ్మంటారు, ఇంకొకరు 1200 దగ్గరే ఉండమంటారు. ఇద్దరి మాటా నెగ్గదు కాబట్టి సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. ఒక అంచుకి ఒకే యజమాని ఉండాలి.

అద్దం ఎందుకు పక్కకి జరిగిందో చాలామందికి తెలియదు. మీరు కట్టకుండా వదిలేసిన గీతలకి రెవిట్ తనంతట తానే కనబడని కొలతలు వేసుకుంటుంది. వాటిని ఆటోమేటిక్ స్కెచ్ డైమెన్షన్స్ అంటారు. మీరు చెప్పలేదు కాబట్టి అది తనకి తోచిన దారానికి కట్టేసుకుంటుంది. ఒక్కోసారి ఆ ఊహ సరిపోతుంది, అప్పుడు మనం అంతా బాగుందనుకుంటాం. రెండో సైజు దగ్గర బయటపడుతుంది. ఫ్యామిలీ ఎడిటర్‌లో విజిబిలిటీ గ్రాఫిక్స్ తెరిచి, అనొటేషన్ భాగంలో డైమెన్షన్స్ కింద ఆ పేరుకి టిక్ పెట్టండి. స్కెచ్‌లోకి వెళ్లి చూస్తే మీరు కట్టకుండా వదిలేసిన గీతలేవో మీకే కనబడతాయి. ఈ ఒక్క టిక్ నాకు ఎన్ని రాత్రులు మిగిల్చిందో చెప్పలేను.

ఆరేళ్లు ఆటోక్యాడ్‌లో ఉన్నారు కాబట్టి మీ చేతికి ఒక అలవాటు పడింది. అక్కడ గీత ముందు, కొలత తర్వాత. గీసినదాన్ని కొలత చదివి చెబుతుంది, అంతే. ఇక్కడ కొలత ముందు వస్తుంది, గీత దాని వెనక నడుస్తుంది. గీతల మధ్య షరతులు పెట్టి, ఒకటి మారిస్తే మిగతావి సర్దుకునేలా చేయడం కొత్త సంగతేమీ కాదు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ తన పరిశోధన కోసం చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే అది ఉంది. రెవిట్ అనే పేరే ‘రివైజ్ ఇన్‌స్టంట్లీ’ అనే రెండు మాటల నుంచి వచ్చింది, అంటే వెంటనే సవరించు అని. 2000లో అది బయటికి వచ్చింది, 2002లో ఆటోడెస్క్ కొనుక్కుంది. సవరించడానికే పుట్టిన దాంట్లో మీరు సైజుకో ఫైలు చేసుకుంటూ ఇంకా ఆటోక్యాడ్ పనే చేస్తున్నారు. మీ తప్పేం లేదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఇప్పుడు పనిలోకి వెళదాం. మీ పాత 23 ఫైళ్లలో దేన్నీ తెరవకండి. మెట్రిక్ విండో అనే టెంప్లేట్‌తో కొత్త ఫ్యామిలీ మొదలుపెట్టండి. అందులో ఒక గోడ, దానిలో ఖాళీ, ఎడమ, కుడి, మధ్య దారాలు, వెడల్పు, ఎత్తు, సిల్ ఎత్తు (నేల నుంచి కిటికీ అడుగు వరకు) అన్నీ ముందే ఉంటాయి. మధ్య దారానికి అటూ ఇటూ ‘ఈక్యూ’ అని రాసి ఉంటుంది చూడండి. వెడల్పు పెంచితే రెండు పక్కలా సమానంగా పెరగడానికి అది. దాన్ని చెరపకండి.

ఏమీ గీయకముందే ఫ్యామిలీ టైప్స్ తెరిచి వెడల్పు 1100, ఎత్తు 1350 ఇచ్చి అప్లై నొక్కండి. ఎందుకు 1200, 1200 ఇవ్వవద్దంటున్నానంటే, రెండు కొలతలూ ఒకటే అయితే తప్పు కనబడదు. ఎత్తుకి పెట్టాల్సిన పేరు పొరపాటున వెడల్పుకి పెట్టినా కిటికీ నిక్షేపంలా నిలబడుతుంది. మన ఊళ్లో నాలుగడుగులకి నాలుగడుగుల కిటికీలే ఎక్కువ కాబట్టి ఈ పొరపాటు చాలా రోజులు దాక్కుంటుంది. పరీక్ష చేసేటప్పుడు ఎప్పుడూ వేర్వేరు అంకెలు ఇవ్వండి, వీలైతే గుండ్రటి అంకెలు కాకుండా.

తర్వాత కిటికీని ఎదురుగా చూసే ఎలివేషన్‌లోకి వెళ్లి, నాలుగు వైపులా లోపలికి ఇంకో నాలుగు దారాలు వేయండి. బయటి దారం నుంచి లోపలి దారానికి కొలత పెట్టి, నాలుగు కొలతలకీ ఒకే లేబుల్ ఇవ్వండి. దాని పేరు ఫ్రేమ్ మందం, విలువ 60 అనుకుందాం. ఇప్పుడు 60ని 90 చేసి చూడండి, మళ్లీ 60 చేయండి. దారాలు నాలుగూ కలిసి లోపలికి వెళ్లి వెనక్కి వస్తే అప్పుడు ముందుకు వెళ్లండి. ఈ లోపలి దారాల ప్రాపర్టీస్‌లో ‘నాట్ ఎ రిఫరెన్స్’ అని పెట్టండి. లేకపోతే ప్రాజెక్టులో ప్లాన్‌కి డైమెన్షన్లు ఇచ్చేటప్పుడు మౌస్ వీటిని పట్టుకుని విసిగిస్తుంది.

ఇప్పుడు మొదటి ఘనరూపం. ఎక్స్‌ట్రూజన్ (గీసిన ఆకారానికి మందం ఇచ్చే కమాండ్) తీసుకుని బయటి నాలుగు దారాల మీద ఒక దీర్ఘచతురస్రం, లోపలి నాలుగు దారాల మీద ఇంకొకటి గీయండి. గీయగానే తెరిచిన తాళం గుర్తులు కనబడతాయి, ఎనిమిదింటినీ నొక్కి మూయండి. ఒక్కటి వదిలినా పైన చెప్పిన కనబడని కొలత దాన్ని పట్టుకుంటుంది. తాళం కనబడకపోతే అలైన్ కమాండ్‌తో ముందు దారాన్ని, తర్వాత గీతని నొక్కితే మళ్లీ వస్తుంది. గోడ మందంలో ఫ్రేమ్ ఎంత లోతుకి ఉండాలో ప్లాన్‌లో ముందూ వెనకా రెండు దారాలు వేసి వాటికి లాక్ చేయండి. చాలామంది ఈ మూడో దిక్కు మర్చిపోతారు. తొమ్మిదంగుళాల గోడలో బాగానే ఉన్న ఫ్రేమ్ నాలుగున్నర అంగుళాల గోడలో పెట్టగానే బయటికి పొడుచుకొస్తుంది.

మళ్లీ 1100, 1350 మార్చి 1700, 900 ఇవ్వండి. ఫ్రేమ్ వచ్చిందా? వస్తే సేవ్ చేసి రెక్కలకి వెళ్లండి. రాకపోతే అక్కడే ఆగండి. ఒక్కో ముక్క వేయడం, సైజు మార్చి ఊపి చూడడం, నిలబడితే సేవ్ చేయడం. అంతా గీసేశాక చివర్లో ఒకేసారి పరీక్షిస్తే తప్పు ఏ ముక్కలో ఉందో దొరకదు. పని నెమ్మదిగా సాగుతున్నట్టు అనిపించినా సాయంత్రానికి ఇదే తొందరగా పూర్తవుతుంది.

రెక్కలు, అద్దం కూడా ఇదే పద్ధతి, వాటి గురించి విడిగా రాయను. గ్రిల్ దగ్గర మాత్రం కాసేపు కూర్చుందాం, ఎందుకంటే మీ టెన్షన్ అక్కడే ఉంది.

నిలువు కమ్మీల గ్రిల్ అనుకోండి. కమ్మీకీ కమ్మీకీ మధ్య దూరం 100 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ దూరం ఎంత ముఖ్యమో మీకు తెలుసు. కిటికీ వెడల్పు మారినప్పుడు కమ్మీల సంఖ్య దానంతటదే మారాలి, దూరం అన్నిచోట్లా సమానంగా ఉండాలి. దీన్ని ముందు కాగితం మీద వేయండి. 1200 కిటికీలో రెండు పక్కలా ఫ్రేమ్ 60, 60 తీసేస్తే లోపల 1080. దాన్ని 100తో భాగిస్తే 10.8. పది ఖాళీలు పెడితే ఒక్కోటి 108 అవుతుంది, ఎక్కువ. కాబట్టి పైకి సవరించి 11 ఖాళీలు. 1080ని 11తో భాగిస్తే ఒక్కో ఖాళీ 98.2 వరకు వస్తుంది. పదకొండు ఖాళీల మధ్య పది కమ్మీలు. మీరు రోజూ చేసే పనే ఇది. మెట్ల ఎత్తుని మెట్ల సంఖ్యతో భాగించడం లాంటిదే.

సాఫ్ట్‌వేర్‌కి చెప్పాల్సింది కూడా సరిగ్గా ఈ నాలుగు వాక్యాలే. లోపలి వెడల్పు అంటే వెడల్పులోంచి ఫ్రేమ్ మందం రెండుసార్లు తీసేయాలి. ఖాళీల సంఖ్య అంటే లోపలి వెడల్పుని 100 మిల్లీమీటర్లతో భాగించి రౌండప్ చేయాలి. అసలు దూరం అంటే లోపలి వెడల్పుని ఖాళీల సంఖ్యతో భాగించాలి. కమ్మీలు అంటే ఖాళీల సంఖ్యలోంచి ఒకటి తీసేయాలి. ఫ్యామిలీ టైప్స్‌లో ఫార్ములా గడిలో ఇవే రాయండి. లోపలి వెడల్పు, అసలు దూరం పొడవు రకం, ఖాళీల సంఖ్య, కమ్మీలు పూర్ణసంఖ్య రకం. 1500 ఇస్తే 14 ఖాళీలు, 13 కమ్మీలు రావాలి. 900 ఇస్తే 8 ఖాళీలు, 7 కమ్మీలు. 600 ఇస్తే 5 ఖాళీలు, 4 కమ్మీలు. కాగితం మీద లెక్క, తెర మీద లెక్క కలిశాయంటే మీకు లెక్కలు వచ్చినట్టే.

ఫార్ములాలో మూడు చోట్ల కాలు జారుతుంది. భాగించేటప్పుడు 100 అని ఊరికే రాయకండి, 100 మిల్లీమీటర్లు అని యూనిట్‌తో రాయండి. పొడవుని పొడవుతో భాగిస్తేనే ఉత్త సంఖ్య వస్తుంది, లేకపోతే ‘ఇన్‌కన్సిస్టెంట్ యూనిట్స్’ అంటుంది. రెండోది, పారామీటర్ (మనం పేరు పెట్టి మార్చుకునే విలువ) పేరులో ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా దానికి పట్టింపు. మీరు పేరు ఎలా పెట్టారో ఫార్ములాలో అచ్చంగా అలాగే రాయాలి. మూడోది, పేర్లలో అడ్డగీత పెట్టకండి, దాన్ని తీసివేత అనుకుంటుంది.

ఇక కమ్మీని కిటికీ ఫ్యామిలీలో నేరుగా గీయకండి. ఒక్క కమ్మీని జనరిక్ మోడల్‌గా విడి ఫ్యామిలీ చేసి, దాని ఎత్తుకి ఒక పారామీటర్ పెట్టి, కిటికీలోకి లోడ్ చేయండి. లోపలి ఎడమ దారం నుంచి ‘అసలు దూరం’ అంత లోపలికి ఒక దారం, లోపలి కుడి దారం నుంచి అంతే లోపలికి ఇంకో దారం వేసి, ఆ రెండు కొలతలకీ అసలు దూరం లేబుల్ ఇవ్వండి. మొదటి కమ్మీని మొదటి దారానికి లాక్ చేయండి. ఎర్రే (ఒకే వస్తువుని వరసగా పేర్చే కమాండ్) తీసుకుని ‘లాస్ట్’ ఎంచుకుని చివరి కమ్మీని రెండో దారం దగ్గర పెట్టి లాక్ చేయండి. ఎర్రే మీద కనబడే సంఖ్యని నొక్కి దానికి కమ్మీలు అనే లేబుల్ ఇవ్వండి. ఇప్పుడు వెడల్పు మార్చండి. కమ్మీలు వాటంతట అవే పెరిగి, తగ్గి, సమానంగా సర్దుకుంటాయి. ఆ క్షణం మీరు తప్పక చూడాలి. నేను మొదటిసారి చూసినప్పుడు పక్క టేబుల్ వాళ్లందరినీ పిలిచి చూపించాను.

బాత్‌రూమ్ వెంటిలేటర్‌ని ఇందులోనే ఇరికించకండి. దానికి అద్దపు పలకలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం ఉంటాయి, పైగా ఒకటి రెండు కమ్మీల దగ్గర ఎర్రే పేచీ పెట్టవచ్చు. అది వేరే వస్తువు, వేరే ఫ్యామిలీ. ఇంకొకటి, వెంటిలేటర్ పెట్టాక ప్లాన్‌లో కనబడకపోతే భయపడకండి. ప్లాన్‌ని 1200 ఎత్తులో కోస్తున్నాం, వెంటిలేటర్ దానికి పైన ఉంది. ఆ చోట ప్లాన్ రీజియన్ పెట్టి కోత ఎత్తు పెంచితే కనబడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చే చోటికి వస్తున్నాను. పారామీటర్ చేసేటప్పుడు టైప్, ఇన్‌స్టెన్స్ అని అడుగుతుంది. టైప్ అంటే ఆ రకం కిటికీలన్నిటికీ వర్తిస్తుంది. ఇన్‌స్టెన్స్ అంటే మీరు ఎంచుకున్న ఆ ఒక్క కిటికీకే. చెప్పడానికి ఒక్క వాక్యం, కానీ దీనివల్ల నేను పడ్డ బాధ చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఆఫీసులో ఒక అపార్ట్‌మెంట్ డ్రాయింగ్‌లు నా చేతిలో ఉండేవి. ఒక ఫ్లాట్ ఓనర్ తన బెడ్‌రూమ్ కిటికీ అయిదడుగులు కావాలన్నారు. ఆ కిటికీని ఎంచుకుని ఎడిట్ టైప్‌లోకి వెళ్లి వెడల్పు 1500 చేశాను. ఆ ఫ్లాట్ చూసుకున్నాను, బాగుంది. ప్రింట్ తీశాను. బిల్డింగ్ మొత్తంలో బెడ్‌రూమ్ కిటికీలన్నీ 1500 అయిపోయాయని నాకు తెలియదు. కిటికీల షెడ్యూల్ (సైజుల పట్టిక) ఫ్రేములు తయారుచేసే ఫ్యాబ్రికేటర్‌కి వెళ్లింది. మొదటి విడత ఫ్రేములు సైటుకి వచ్చి, కింది అంతస్తులో గోడలో పట్టకపోతే అప్పుడు తెలిసింది. ఆ ఫ్రేముల డబ్బు, ఆ మూడు వారాల ఆలస్యం, సైటులో అందరి ముందూ నిలబడ్డ ఆ ఉదయం నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకని నా పద్ధతి ఇది. షెడ్యూల్‌లో డబ్ల్యూ1, డబ్ల్యూ2 అని మనం రాసుకునే ప్రతి సైజూ ఒక టైప్. వెడల్పు, ఎత్తు, ఫ్రేమ్ మందం, మెటీరియల్ ఎప్పుడూ టైప్ పారామీటర్లే. ఎవరికైనా వేరే సైజు కావాలంటే ముందు డూప్లికేట్ నొక్కి, డబ్ల్యూ5 అని కొత్త పేరు పెట్టి, ఆ తర్వాతే అంకె మార్చండి. ఫ్యాబ్రికేటర్ దగ్గర కొత్త సైజు అంటే కొత్త కొటేషన్. దానికి పేరు ఉండి తీరాలి. సైజులు ఇన్‌స్టెన్స్‌లో పెడితే లాగి సర్దుకోవడం సుఖంగా ఉంటుంది, కానీ నెల తిరిగేసరికి 1195, 1203 లాంటి కిటికీలు ప్రాజెక్టు నిండా పుట్టుకొస్తాయి.

సిల్ ఎత్తు మాత్రం ఇన్‌స్టెన్స్‌గానే ఉంటుంది, అది న్యాయం కూడా. అదే కిటికీ హాల్లో మూడడుగుల మీద, వంటగదిలో గట్టు పైన ఇంకా ఎత్తులో కూర్చోవచ్చు. టెంప్లేట్‌లో ఉండే డిఫాల్ట్ సిల్ హైట్ కిటికీని పెట్టే క్షణంలో మాత్రమే పనిచేస్తుంది. పెట్టేసిన కిటికీలు తర్వాత మీరు ఆ అంకె మార్చినా కదలవు. దీన్నే చాలామంది ఫ్యామిలీ పాడైందని అనుకుంటారు. మన దగ్గర తలుపులకీ కిటికీలకీ లింటెల్ అడుగుభాగం ఏడడుగుల దగ్గర ఒకే వరసలో వస్తుంది, డ్రాయింగ్‌లో 2100 అంటాం. కాబట్టి నేను డిఫాల్ట్ సిల్ ఎత్తుకి ఫార్ములా ఇస్తాను: లింటెల్ ఎత్తులోంచి కిటికీ ఎత్తు తీసేయడం. 1200 కిటికీకి 900 వస్తుంది, 1050 కిటికీకి 1050 వస్తుంది. కొత్తగా పెట్టే ప్రతి కిటికీ లింటెల్ వరసకి తనే వచ్చి ఆగుతుంది. పెట్టేశాక ఎత్తు మార్చాల్సి వస్తే మాత్రం ప్రాపర్టీస్‌లో హెడ్ హైట్ చూసి మళ్లీ 2100 చేయడం మరవకండి.

మీరు మధురవాడలో పనిచేస్తున్నారు కాబట్టి ఇంకో సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో సముద్రం వైపు అద్దాలు చాలామటుకు పగిలిపోయాయి. ఆ తర్వాత పక్కింట్లో కొత్త కిటికీలు బిగించడానికి వచ్చిన కుర్రాడి పనిని నేను దగ్గర నిలబడి చూశాను. డ్రాయింగ్ అడగలేదు. ప్రతి ఖాళీకీ కింద, మధ్య, పైన మూడుచోట్ల వెడల్పు, మూడుచోట్ల ఎత్తు టేపుతో కొలిచాడు. అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలత రాసుకుని, దానిలోంచి ఇంకాస్త తగ్గించాడు. గోడలో ఖాళీ వేరు, ఫ్రేమ్ సైజు వేరు అని ఆ పక్కింటి గుమ్మంలో నాకు బుర్రకెక్కింది. పాతకాలం చెక్క చౌకట్టయితే గోడ కడుతున్నప్పుడే నిలబెట్టి హోల్డ్‌ఫాస్ట్‌లతో (ఇనుప పట్టీలు) గోడలోకి కట్టేస్తారు, మధ్యలో సందు ఉండదు. ఇప్పుడు ఉప్పుగాలికి ఇనుము నిలవదని చాలామంది యూపీవీసీ, అల్యూమినియం పెట్టిస్తున్నారు. అవి ప్లాస్టరింగ్ అయ్యాక వస్తాయి, చుట్టూ సందు కావాలి, ఆ సందుని సిలికాన్‌తో మూస్తారు. కాబట్టి మీ ఫ్యామిలీలో బిగింపు సందు అని ఒక పారామీటర్ పెట్టండి. కిటికీలకి రఫ్ విడ్త్, రఫ్ హైట్ అని రెవిట్‌లో పేర్లు ఇప్పటికే ఉన్నాయి, వాటిని వాడుకోవచ్చు. మేస్త్రీకి వెళ్లే షెడ్యూల్‌లో ఖాళీ కొలత, ఫ్యాబ్రికేటర్‌కి వెళ్లే దాంట్లో ఫ్రేమ్ కొలత కనబడాలి.

సన్‌షేడ్ కూడా కిటికీ ఫ్యామిలీలో పెట్టి, అవును/కాదు పారామీటర్‌తో చూపించి దాచే పద్ధతి కొందరిది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నేను వద్దంటాను. సన్‌షేడ్ లింటెల్‌తో కలిసి పోసే కాంక్రీటు. దాని లెక్క కాంక్రీటు బిల్లులోకి వెళ్లాలి, కిటికీ బిల్లులోకి కాదు. ఏ పని ఎవరు చేస్తారో చూసుకుని దాన్నిబట్టి వస్తువులు విడదీయండి.

మీ సార్ దించుకోమన్నారు. ఆయన మాట పూర్తిగా కొట్టేయను, కమోడ్, వాష్‌బేసిన్, లిఫ్ట్ లాంటివి కంపెనీలు చేసి పెట్టినవి దించుకోవడమే మంచిది. వాటి సైజు మనం మార్చం. కిటికీ అలా కాదు, మన చేతిలో నెలకి పదిసార్లు మారుతుంది. దించుకున్న కిటికీల్లో స్క్రూలు, బందులు, రబ్బరు పట్టీ దాకా గీసి ఉంటాయి. అలాంటిది ఒకటుంటే ఫర్వాలేదు, వందల కిటికీలుంటే ఫైలు బరువెక్కి తిప్పినప్పుడల్లా ఆగి ఆగి కదులుతుంది. కొన్నిటిలో పాత క్యాడ్ డ్రాయింగ్ ఇంపోర్ట్ చేసి వదిలేసి ఉంటారు, దాని లేయర్లన్నీ మీ ప్రాజెక్టులోకి వచ్చి కూర్చుంటాయి. 1:100 ప్లాన్‌లో కిటికీకి నాలుగు గీతలు చాలు. ఘనరూపాలని ప్లాన్‌లో కనబడకుండా విజిబిలిటీ సెట్టింగ్స్‌లో టిక్ తీసేసి, వాటి బదులు సింబాలిక్ లైన్లు గీసి దారాలకి లాక్ చేయండి. ఇది సార్‌కి మాటల్లో చెప్పేకంటే, గ్రిల్ కమ్మీలు వాటంతట అవే మారడం ఆయన ముందు ఒకసారి చేసి చూపించండి.

ఇంట్లో సాధన చేయడానికి రెవిట్ లేకపోతే ఫ్రీక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. బొత్తాలు వేరుగా ఉంటాయి, కానీ స్కెచ్‌లో షరతులు పెట్టడం, కొలతకి పేరు పెట్టి ఫార్ములా ఇవ్వడం అక్కడా ఉన్నాయి. చేతికి వచ్చేది ఒకే విద్య.

మిగిలింది మీ 23 ఫైళ్లు. వాటిని ఒక్కరోజులో తీసేయాలని చూడకండి, ప్రాజెక్టు మధ్యలో ఉంది. కొత్త ఫ్యామిలీలో మూడు టైప్‌లు చేసి, ముందు ఒక అంతస్తులో ఒకే రకం కిటికీలని ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో టైప్ మార్చండి. గ్రిల్ లోపలి వైపే ఉందో లేదో త్రీడీలో తిరిగి చూడండి. గోడని అవతలి పక్కనుంచి నొక్కి పెట్టిన కిటికీల్లో అది బయటికి వచ్చి ఉంటుంది, స్పేస్‌బార్ నొక్కితే తిరుగుతుంది. షెడ్యూల్‌లో సంఖ్యలు ముందున్నట్టే ఉన్నాయా అని లెక్కపెట్టండి. సరిపోతే తర్వాతి అంతస్తు. అన్నీ అయ్యాక పర్జ్ అన్‌యూజ్డ్‌తో పాతవి తీసేయండి, ఒక బ్యాకప్ పక్కన పెట్టుకున్నాకే.

ఈ ఆదివారం కొత్త ఫైలు తెరిచి ఫ్రేమ్ వరకే చేయండి, గ్రిల్ జోలికి పోవద్దు. వెడల్పు 1137, ఎత్తు 1420 ఇవ్వండి. ఏ అంచైనా దారం వదిలి వెనకబడితే, ఎడమదా కుడిదా పైదా కిందిదా అన్నది రాసి పంపండి. అది తెలిస్తే ఏ తాళం వదిలేశారో చెప్పగలను.